రాత్రివేళ జెండా

సూర్యోదయమున ఎగురవేసిన జాతీయపతాకమును సూర్యాస్తమయమునకు ముందే దించుట చిరకాలముగా మన దేశమున పాటింపబడిన నియమము. చీకటిలో పతాకము కనబడదు. కనబడని పతాకమునకు వందనమెట్లు చేయుదురని పెద్దలు అనుచుండిరి.

కృష్ణాతీరమున ఒక గ్రామములో ఉన్నత పాఠశాల కలదు. అందొక వృద్ధుడు ముప్పది సంవత్సరములు నౌకరుగా పనిచేసెను. ఆగస్టు 15, జనవరి 26 తేదీలయందు ప్రొద్దు గ్రుంకకముందే జెండా దించుట ఆతని పని. ఉదయమున జెండావందనమునకు ఊరంతయు వచ్చును, మిఠాయిలు పంచిపెట్టుదురు. సాయంకాలము దించునప్పుడు మాత్రము ఆతడు తప్ప మరియెవ్వరును ఉండరు. అయినను ఆతడు చెప్పులు విడిచి, త్రాటిని మెల్లమెల్లగా వదలుచు, జెండా నేల తాకకుండ చేతులలోనికి తీసికొని, మడిచి పెట్టెలో భద్రపరచును. "ఎగురవేయునప్పుడు చురుకుగా, దించునప్పుడు నెమ్మదిగా, అది దాని మర్యాద, నాయనా" అని పిల్లలకు చెప్పుచుండును. పతాకనియమావళియందును ఈ మాటయే కలదు. ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట సైతము ఆతడు ఆ రెండు సాయంకాలములందు పాఠశాలకు రాక మానలేదు.

1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు ఒక పతాకమును రూపొందించి గాంధీమహాత్మునకు సమర్పించిరి. పిమ్మట కొన్ని మార్పులు పొంది, అశోకచక్రముతో కూడిన నేటి పతాకము 1947 జూలై 22న రాజ్యాంగపరిషత్తు ఆమోదమును పడసెను. బెజవాడ ఆ గ్రామమునకు దగ్గరిదే. అందుచేత జెండా అనిన ఆ ఊరివారికి ఇంటి ఆడపడుచుపై నుండునంత అభిమానము.

కాలముతోపాటు నియమములును మారినవి. మిక్కిలి ఎత్తైన స్తంభములపై ఎగురు పెద్ద పతాకములను రాత్రియందును ఉంచుటకు 2009లో కేంద్రప్రభుత్వము అనుమతించెను. అయితే వానికి తగిన వెలుతురు ఉండవలెను. విద్యుత్తు ఆగినచో ప్రత్యామ్నాయపు ఏర్పాటు ఉండవలెను. హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమునందలి సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభముపై ఎగురవేసిన పతాకము అట్టిదే. 2022 జూలైలో నియమావళిని మరల సవరించి, ఆరుబయట గాని, పౌరుల ఇండ్లపై గాని ఎగురు జెండాను రేయింబవళ్లు ఉంచవచ్చునని ప్రకటించిరి.

ఆ సంవత్సరము ఆగస్టు 13న పాఠశాలలో జెండా ఎగిరెను. సాయంకాలము వృద్ధుడు యథాప్రకారము వచ్చి త్రాటిపై చేయి వేసెను. ఎనిమిదవ తరగతి బాలురు పరుగున వచ్చిరి.

"ఇప్పుడు దించనక్కరలేదు తాతా! రాత్రియు ఉంచవచ్చునని పత్రికలో వచ్చినది" అనిరి.

"ఉంచవచ్చుననిరి గాని, ఉంచి మరచిపోవచ్చునని అనిరా నాయనా? రాత్రి దీని కావలి ఎవరిది?" అని ఆతడు ప్రశ్నించెను.

బాలురు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. పాఠశాల ప్రక్కనే నివసించు ఇద్దరు మాత్రము "మాది" అనిరి. వృద్ధుడు త్రాడు విడిచిపెట్టెను.

చీకటి పడెను. సమీపమున వీధిలో ఒక సోడియం దీపము వెలుగుచుండెను. ఆ పసుపు వెలుతురులో జెండా వింతగా కనబడెను. తెలుపు పసుపుగా మారెను, ఆకుపచ్చ నల్లబడెను, నీలచక్రము మసివలె తోచెను. ఒకే వన్నె గల కాంతిలో తక్కిన వన్నెలు బయటపడవని విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు వివరించెను. వెంటనే తెల్లని దీపమొకటి తెచ్చి స్తంభము మొదట అమర్చిరి. జెండా ఒక్క గడియ చక్కగా ప్రకాశించెను. అంతలో గాలి తిరిగెను. జెండా ఆవలి ప్రక్కకు మరలి చీకటిలో మునిగెను.

మరునాడు స్తంభము చుట్టును మూడు దిక్కుల మూడు దీపములు నిలిపిరి. ఇరుగుపొరుగు ఇండ్ల కిటికీలలో వెలుతురు పడకుండ వానిని పైకి త్రిప్పి బిగించిరి. ఆ రాత్రి గాలి ఎటు వీచినను మూడు వన్నెలును, చక్రమును స్పష్టముగా కనబడినవి. ఊరివారు వచ్చి చూచి సంతోషించిరి. వృద్ధుడు కూడ అరుగుపై కూర్చుండి చాలసేపు చూచి, ఏమియు అనక ఇంటికి పోయెను.

అర్ధరాత్రము దాటిన పిమ్మట వాన ప్రారంభమయ్యెను. కొంతసేపటికి విద్యుత్తు ఆగిపోయి ఊరంతయు చీకటి అయ్యెను. వృద్ధునకు మెలకువ వచ్చెను. పగలు "మాది" అనుట సులభమే. వానలో, చీకటిలో, నిద్ర విడిచి వచ్చు బాలురుందురా? ఆతడు గొడుగు, టార్చిలైటు తీసికొని బురదలో నడచుచు పాఠశాలకు చేరెను.

స్తంభము వద్ద ఒక చిన్నదీపము కదలుచుండెను. ఆ ఇద్దరు బాలురును అక్కడ ఉండిరి. ఒకడు దీపము పైకెత్తి పట్టుకొని, రెండవచేతిని జెండాకై చాచి నిలిచెను. రెండవవాడు త్రాడు వదలుచుండెను. ఇద్దరును నిలువున తడిసి వణకుచుండిరి. అయినను త్రాటిని గబగబ వదలలేదు. జెండా మెల్లమెల్లగా దిగివచ్చి, బురద తాకకుండ, చాచిన చేతిపై వాలెను. వారి చెప్పులు కొంచెము దూరముగా వానలో తడియుచుండెను.

వృద్ధుడు తన టార్చిలైటు వెలిగింపలేదు. గొడుగు ముడిచి, చెప్పులు విడిచి, జెండా పూర్తిగా దిగువరకు ఉన్నచోటనే నిలిచియుండెను.

తెల్లవారెను. వాన వెలిసెను. బల్లలపై పరచి ఆరవేసిన ఆ జెండాయే ఆగస్టు 15 ఉదయమున మరల ఎగిరెను. దాని అంచున కొంచెము తేమ ఇంకను ఉండెను. ఆ సాయంకాలము జెండా దించునప్పుడు వృద్ధుడు ఒంటరిగా లేడు. త్రాటి కొసను ఆ బాలుర చేతికిచ్చి, ఆతడు ప్రక్కన నిలిచెను.