బంగారంలో తరుగు

మా అత్తగారి పాత గాజులు రెండు జతలు బీరువాలో ఊరికే పడి ఉన్నాయి. వాటిని మార్చి మనవరాలికి గొలుసు చేయిద్దామని మొన్న బంగారు కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన గీటురాయి మీద గీశాడు, తూకం వేశాడు, కాగితం మీద ఏవో అంకెలు వేశాడు. చివరికి, "తరుగు కింద ఇంత పోతుందమ్మా" అన్నాడు. మజూరీ అంటే నాకు తెలుసు, మనిషి కష్టానికి ఇచ్చేది. ఈ తరుగు మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ నాకు కొరుకుడు పడలేదు.

"పోయిన బంగారం ఎక్కడికి పోతుందయ్యా?" అని అడిగాను.

"పొయ్యిలో కొంత, ఆకురాయి కింద కొంత, గాలిలో కొంత. ఎక్కడికి పోయినా లెక్కలో పోయినట్టేనమ్మా" అన్నాడు నవ్వుతూ.

మావారు పక్కనే ఉన్నారు. "నీకు గోరంత బంగారమే పోయింది. జొహన్నెస్‌బర్గులో బంగారం కోసం మనుషుల్నే తరుగు కింద రాసేశారు" అన్నారు. రిటైరైన దగ్గర నుంచీ ఆయన గాంధీగారి ఆత్మకథ మళ్ళీ చదువుతున్నారు. భోజనాల దగ్గర కూడా అదే ధోరణి. కొట్లో పదిమంది ముందు ఆ మాటలేమిటండీ అని విసుక్కున్నాను గానీ, ఇంటికొచ్చాక ఆ పుస్తకం నేనే తీశాను. దాంతో ఆగక ఆ ఊరి గురించి దొరికినవన్నీ చదివాను. చదివింది మీతో చెప్పుకోకపోతే నాకు తోచదు.

దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ అనే మెట్టప్రాంతంలో 1886లో బంగారం బయటపడింది. ఆ ఏడే జొహన్నెస్‌బర్గు పుట్టింది. అక్కడి బంగారం ముద్దలు ముద్దలుగా దొరికేది కాదు, రాతిలో కంటికి ఆనని నలుసుల్లా ఉంటుంది. టన్నుల కొద్దీ రాయి తవ్వి, దంచి, కడగాలి. తవ్వేకొద్దీ లోతుకు పోవాలి. బంగారం ధర పెంచడం గనుల యజమానుల చేతిలో లేదు. ఇక లాభం మిగలాలంటే తగ్గించగలిగింది కూలి ఒక్కటే. అందుకని ఆఫ్రికన్ మగవాళ్ళను పల్లెల నుంచి ఒప్పందం మీద తెచ్చి, పెళ్ళాం పిల్లలు లేకుండా, ప్రహరీల మధ్య కొట్టాల్లో గుంపులుగా ఉంచేవారు. 1970లో ఒక్క దక్షిణాఫ్రికా గనులే సుమారు వెయ్యి టన్నుల బంగారం తీశాయట. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళయిన మన మెడల్లోకి అందులో ఎంత వచ్చి చేరిందో ఎవరు చెప్పగలరు?

మనవాళ్ళూ అక్కడికి వెళ్ళారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ మొదటి ఒప్పంద కూలీలను డర్బన్‌లో దించింది. 1911 వరకూ అలా లక్షా యాభై వేలకు పైగా భారతీయులు నేటాల్ చెరుకుతోటలకూ తక్కిన పనులకూ వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒప్పందం తీరినవాళ్ళు కొందరు బతుకుతెరువు వెతుక్కుంటూ జొహన్నెస్‌బర్గు చేరారు. తెల్లవాళ్ళ మధ్య ఉండనివ్వరు గనక వాళ్ళకు విడిగా ఒక పేట. దాని పేరే 'కూలీ లొకేషన్'. మన భాషలో కూలి అంటే చేసిన పనికి వచ్చే డబ్బు. అక్కడ అది జాతి పేరైపోయింది. వకీలు గాంధీగారినే 'కూలీ బారిస్టరు' అనేవారంటే ఇక తక్కినవాళ్ళ సంగతి వేరే చెప్పాలా!

ఆ పేటలో జనం కిక్కిరిసిపోయారు. మునిసిపాలిటీ మరుగుదొడ్ల సంగతీ మురుగు సంగతీ పట్టించుకోలేదు. తాను పట్టించుకోక పెరిగిన మురికినే సాకుగా చూపి, పేట ఎత్తేయడానికి చట్టం తెచ్చుకుంది. కుక్కకు పిచ్చిదని పేరు పెట్టి చంపడమంటే ఇదే కదూ!

ఇంతలో 1904 మార్చిలో ప్లేగు వచ్చింది. అది మొదలైంది పేటలో కాదు, దగ్గరలోని ఒక బంగారు గనిలో. అక్కడ పనిచేసే 23 మంది భారతీయులు ఒక సాయంత్రం జబ్బుతో పేటకు తిరిగొచ్చారు. మదనజీత్ అనే ఆయన ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి వాళ్ళను అందులో పడుకోబెట్టాడు. గాంధీగారు, డాక్టర్ గాడ్‌ఫ్రే, ఆఫీసు గుమస్తాలు రాత్రంతా సేవ చేశారు. తరువాత మునిసిపాలిటీ ఒక ఖాళీ గోదాము ఇచ్చి ఒక నర్సును పంపింది. రోగుల్లో ఇద్దరే బతికారు. పాపం, ఆ నర్సు కూడా పోయింది.

నన్ను పట్టి ఆపింది ఆ తరువాతి సంగతి. పేట ఖాళీ చేయమనగానే జనానికి డబ్బు బెంగ పట్టుకుంది. బ్యాంకు మొహం ఎరగనివాళ్ళు, దాచుకున్నదంతా నేలలో పాతిపెట్టుకున్నారు. అదంతా తవ్వి గాంధీగారి దగ్గర పోశారు. రాగి నాణేలూ వెండి నాణేలూ మందుతో శుద్ధి చేయించి బ్యాంకులో వేయించారాయన. అలా ఆయన చేతుల మీదుగా పోయింది దాదాపు అరవై వేల పౌన్లు! పోపుల డబ్బాలోనూ బియ్యం డ్రమ్ములోనూ నోట్లు దాచిన చేతులండీ మనవి. ఆ రాత్రి పొయ్యిరాయి కింద తవ్వుకున్న ఆడవాళ్ళ గుండెలు ఎలా కొట్టుకున్నాయో మనకు ఒకరు చెప్పాలా?

ప్రత్యేక రైల్లో వాళ్ళందరినీ 13 మైళ్ళ అవతల క్లిప్‌స్‌ప్రూట్ అనే చోటికి తీసుకెళ్ళి గుడారాల్లో దించారు. పేట ఖాళీ అయిన మర్నాడే దానికి నిప్పుపెట్టారు. కొన్నాళ్ళకు భారతీయులు చాలామంది మళ్ళీ ఊళ్ళోకి చేరుకున్నారు. అదే పేటలో ఉండే ఆఫ్రికన్లను మాత్రం అక్కడే ఉంచేశారు. పట్నం మురుగంతా పారే పొలాల పక్కన, రేకుల పాకల్లో. తరువాత అదే పిమ్‌విల్ అయింది. పేపర్లలో మనం విన్న సొవెటోకు మొదలు అదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ప్లేగుకు ముందు నెల, 1904 ఫిబ్రవరిలో, గాంధీగారే ఆరోగ్యాధికారికి ఒక ఉత్తరం రాశారు. ఆ పేటలోకి ఆఫ్రికన్లను తెచ్చి మావాళ్ళతో కలపడం తగదని గట్టిగానే రాశారు. అది ఆయన రచనల సంపుటాల్లో అచ్చయి ఉంది. అదే ఊళ్ళో 1908లో, జాతులన్నీ కలిసిపోయే రోజు రావాలని ఆయనే ఉపన్యసించారు, నిజమే. కానీ ఆ మొదటి ఉత్తరం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మనల్ని గెంటేవాడు ఒకడుంటే, మనం గెంటడానికి మనకన్నా కింద ఒకరు కావాలా?

మా వంటింటి బయట గూట్లో ఒక స్టీలు గ్లాసుంది. మా పనమ్మాయిది. ఎవరైనా అడిగితే "శుభ్రం కోసమండీ" అంటాను. పదేళ్ళుగా అంటున్నాను. జొహన్నెస్‌బర్గు మునిసిపాలిటీ వాళ్ళూ అదే మాట అన్నారు.

సరే, ఆ ఊరి కథ ముగించాలి. 1930లలో క్లిప్‌స్‌ప్రూట్‌కు తోడు ఓర్లాండో కట్టారు. జనం పెరిగారు, ఇళ్ళు పెరగలేదు. ఒక్కొక్క ఇంట్లో నాలుగైదు కాపురాలు. 1944లో జేమ్స్ ంపాంజా అనే ఆయన వెంట ఇల్లు లేనివాళ్ళంతా ఖాళీ స్థలంలోకి నడిచి గోనెపట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. అప్పుడు గానీ దొరలకు చలనం కలగలేదు. 1956లో గనుల కంపెనీలు ఇళ్ళ కోసం ముప్ఫై లక్షల పౌన్లు ఇచ్చాయి. దానమనుకునేరు, అప్పే! అలా లేచినవి నాలుగు చిన్న గదుల 'అగ్గిపెట్టె ఇళ్ళు', దొడ్లో మరుగుదొడ్డి. ఊరి మధ్య విద్యుత్కేంద్రం ఉండేది. దాని పొగ వీళ్ళకు, వెలుగు జొహన్నెస్‌బర్గుకు. ఆడవాళ్ళు బొగ్గుపొయ్యి, కిరసనాయిలు దీపం పెట్టుకుని, చీకటి ఉండగానే రైలెక్కి తెల్లవాళ్ళ ఇళ్ళకు వంటపనికి వెళ్ళేవారు. దొరసాని పిల్లలకు వీళ్ళు అన్నం పెడుతుంటే వీళ్ళ పిల్లలకు ఎవరు పెట్టేవారో!

పట్నంలో కాస్తో కూస్తో తమదన్న నేల ఉన్నవాళ్ళనూ వదల్లేదు. సోఫియాటౌన్‌లో ఆఫ్రికన్లకు సొంత ఇళ్ళుండేవి. 1955 ఫిబ్రవరి 9న రెండు వేలమంది పోలీసులు వచ్చి సామాన్లు లారీలకెక్కించి మెడోలాండ్స్‌కు తరలించారు. కూల్చిన చోట తెల్లవాళ్ళకు ఇళ్ళు కట్టి 'ట్రియోంఫ్' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో విజయం అని అర్థం! భారతీయుల వంతూ వచ్చింది. 1950 నాటి చట్టం పేరు చెప్పి వాళ్ళను ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో లెనేషియాకు పంపేశారు. అదెక్కడనుకున్నారు? సొవెటో పక్కనే. ఆఫ్రికన్లతో కలపొద్దని ఉత్తరం రాసిన యాభై ఏళ్ళకు, ఇద్దరినీ ఒకే దిక్కుకు తోశారు.

సొవెటో అన్నది కూడా ఊరి పేరు కాదండోయ్. 'నైరుతి టౌన్‌షిప్పులు' అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి 1963లో పెట్టిన పేరు. లక్షలమంది ఉన్న ఊరికి దిక్కు పేరు తప్ప పేరు లేదు.

ఆ ఇళ్ళలో ఒకదానిలో లిలియన్ ంగోయీ అనే కుట్టుపని చేసుకునే ఆవిడ ఉండేది. ఎక్కడికి కదిలినా పాసు చూపించాలన్న నిబంధన ఆడవాళ్ళకూ తెస్తున్నారని, 1956 ఆగస్టు 9న ఆవిడా మరికొందరూ నడిపించగా ఇరవై వేలమంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనానికి వెళ్ళారు. కొందరు వీపున పసిబిడ్డలను కట్టుకుని వెళ్ళారు. అర్జీల కట్టలు ఇచ్చి, అరగంట పాటు ఒక్క మాట లేకుండా నిలబడ్డారు. పసిపిల్లలతో అరగంట మౌనం ఎంత కష్టమో మనకు తెలుసు. పాసులు 1986లో గానీ పోలేదు. లిలియన్ 1980లోనే పోయింది.

1976 జూన్ 16న బడిపిల్లలు తమకు రాని భాషలో చదవలేమని వీధిలోకొస్తే తుపాకులు పేలాయి. పన్నెండేళ్ళ హెక్టర్ పీటర్సన్‌ను మరో కుర్రాడు చేతులమీద మోసుకెళ్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. 1994 ఏప్రిల్ 27న అందరితోపాటు సొవెటో వాళ్ళూ వరసల్లో నిలబడి ఓటేశారు. చట్టాలు పోయాయి. ఆ 13 మైళ్ళ దూరం మాత్రం అలాగే ఉంది. పొద్దున్నే పనికి పోయేవాళ్ళు ఇప్పటికీ దాన్ని దాటుకునే పోవాలి.

ఇదంతా చదివిన మర్నాడు పనమ్మాయికి మా గ్లాసుల్లోనే ఒకదానిలో కాఫీ పోసి ఇచ్చాను. అందుకోలేదు. "ఇది మీది కదమ్మగారూ" అని, గూట్లోంచి తన గ్లాసు తెచ్చుకుని అందులోకి వొంపుకుంది. తాగి, కడిగి, మళ్ళీ గూట్లోనే బోర్లించింది. పదేళ్ళు నేనే నేర్పిన పద్ధతి, ఒక్క పూటలో ఆ అమ్మాయి ఎందుకు మానుకుంటుంది?

ఆ అమ్మాయి వెళ్ళాక గూడు ఖాళీ చేసి, ఆ గ్లాసు తెచ్చి మా గ్లాసుల వరసలో పెట్టాను. రేపు పొద్దున వచ్చి ముందు గూట్లోనే వెతుక్కుంటుంది. ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.