పరుగెత్తే గాలం

కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట మీదికి సాయంత్రం నడకకు వచ్చేవాళ్లలో సగం మంది నీళ్లను చూస్తారు. మిగతా సగం నీళ్ల పక్కన గాలం పట్టుకుని కూర్చున్నవాణ్ని చూస్తారు. వాడు మాత్రం ఎవర్నీ చూడడు. వెదురు కర్ర, దారం, నెమలీక కాడతో చేసిన బెండు, కింద కొక్కేనికి గుచ్చిన ఎర్ర. బెండు వణికిందా, మునిగిందా అన్నదే వాడి లోకం. "ఏమన్న పడ్డయా అన్నా?" అని అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. సంచీలో నాలుగు జెల్లలు కొట్టుకుంటున్నా సరే.

చికాగోలో ఉండే మా మేనల్లుడికి ఈ కూర్చోవడం అస్సలు నచ్చదు. అతడు మిషిగన్ సరస్సు మీద సాల్మన్ వేట మరిగినవాడు. అక్కడ చేప వచ్చి గాలానికి తగులుకునే దాకా ఎవరూ ఆగరు, గాలమే చేపను వెతుక్కుంటూ పోతుంది. దాన్ని ట్రోలింగ్ అంటారు. పడవ మనిషి నడకంత నెమ్మదిగా సాగుతుంటే, వెనక ఐదారు దారాలు తళతళలాడే రేకు ముక్కలను ఈడ్చుకొస్తాయి. పారిపోతున్న చిన్న చేప అనుకుని సాల్మన్ వెంటపడాలి. దానికేమో 10 నుంచి 13 డిగ్రీల చల్లటి నీళ్లు కావాలి. ఎండలు ముదిరి పైనీళ్లు వేడెక్కితే అడుగుకు దిగిపోతుంది. అందుకని బరువైన సీసపు గుండుకు దారాన్ని క్లిప్పుతో తగిలించి వంద అడుగుల లోతుకైనా దింపుతారు. చేప నోరు వేయగానే క్లిప్పు ఊడుతుంది, విల్లులా వంగిన కర్ర టక్కున లేస్తుంది. అదే సాల్మన్‌ను తెచ్చి రామగుండం ఎండల్లో మన నీళ్లలో వదిలితే, పులుసు అక్కడే ఉడుకుతుంది.

ఇంత హంగామా చేసి పట్టే ఆ చేప ఆ సరస్సులో పుట్టింది కాదు. అట్లాంటిక్ వైపు నుంచి కాలువల గుండా చొరబడిన అలెవైఫ్ అనే చిన్న చేప అక్కడ లెక్కకు మిక్కిలిగా పెరిగిపోయింది. 1967లో కుప్పలుగా చచ్చి ఒడ్డున పడి కంపు కొట్టింది. ఆ కంపు లేవక ముందే, అలెవైఫ్‌ను తినిపెట్టే వేటచేప ఒకటి కావాలని, మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖ అధికారి హోవర్డ్ టానర్ పసిఫిక్ వైపు నుంచి గుడ్లు తెప్పించి పొదిగించి, 1966లో కోహో సాల్మన్‌ను, మరుసటి ఏడు చినూక్‌ను వదిలించాడు.

వినడానికి వింతగా ఉంటుంది గానీ మన డ్యాం సంగతీ అంతే. ఇందులో పెరిగే రవ్వ, బొచ్చె చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు వరద పారాలి. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాకే, నదులను నమ్ముకోకుండా చేపపిల్లలను పెంచే దారి దొరికింది. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా పిల్లలను వదలడం మొదలుపెట్టింది. పెద్ద చేపలు మింగెయ్యకుండా జలాశయాలకు కాస్త ఎదిగిన పిల్లలు కావాలి, 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. వదిలినవన్నీ డ్యాంలోనే ఉంటాయన్న పూచీ లేదు. పోచంపాడు నుంచి 146 కిలోమీటర్లు పారి వచ్చే కాకతీయ కాలువ నీళ్లకు పైనుంచి మానేరు వరద తోడైతే, ఇరవై గేట్లలో కొన్నయినా ఎత్తక తప్పదు. ఆ నురగలో కొట్టుకుపోయే చేపల కోసం దిగువన జనం వలలతో, చీరలతో, దోమతెరలతో ఎగబడతారు. పోలీసులు ఎంత మొత్తుకున్నా వినరు. పెంచినవాళ్లు మత్స్యకారుల సంఘంలోని గంగపుత్రులు, ముదిరాజులు. తినేది వరద ఎవరి చేతికిస్తే వాళ్లు.

ఎవరూ వదలకుండా తనంత తాను పెరిగే చేప కొర్రమట్ట. మన రాష్ట్ర చేప కూడా. దాని దగ్గర మా మేనల్లుడి విద్య పారదు. అది నడిమి నీళ్లకు రాదు, ఒడ్డున తుంగలో, తూటికూర చాటున ఉంటుంది. మొప్పలతో పాటు నేరుగా గాలి కూడా పీల్చుకోవాలి గనక ఉండుండి పైకొచ్చి ఒక గుటక వేసి పోతుంది. ఆ బుడగ లేచిన చోటు కనిపెట్టడమే వేట. కొక్కేనికి చిన్న కప్పను గుచ్చి, నీళ్ల మీద తపతపలాడించి ఊరుకోవాలి. మడమ కదిపినా, దగ్గినా పని చెడుతుంది. తొలకరికి పిల్లలు చేస్తుంది. వందల పిల్లలు ఎర్రగా ముద్దకట్టి పైన తిరుగుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ ముద్దలోకి ఏం పడ్డా దూకి కరుస్తుంది, ఆకలితో కాదు, కోపంతో. తెలిసినవాళ్లు కప్పను సరిగ్గా అక్కడే వేస్తారు. అప్పటిదాకా ముట్టనిది అప్పుడు ఇట్టే పడుతుంది. కాపలా పోయిన పిల్లలను జెల్లలు, కొంగలు మిగలనివ్వవు.

మృగశిర కార్తె వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఆ రోజు చేప తినని ఇల్లు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు తక్కువ. రవ్వకూ బొచ్చెకూ బేరమాడే మనిషి కూడా తొట్టిలో ప్రాణంతో తిరుగుతున్న కొర్రమట్టకు చెప్పిన ధర ఇచ్చి పోతాడు. కడుపులో గుడ్ల సంచి ఉంటే ఇంకా సంతోషం, వేపుడుకు వేరే తీసిపెట్టమంటాడు. పిల్లలను కాచే ఆ ఒక్క నెలా కొర్రమట్టను వదిలేసి డ్యాంలో రవ్వ తిందామని మా ఇంట్లో అంటే, కార్తె నాడు రవ్వ ఎవరు తింటారని నన్నే అడిగారు.