కొడతారనుకుంటే...

మాది స్టేషన్ ఘన్‌పూర్. ములుగు దగ్గర ఇంకో ఘన్‌పూర్ ఉంది, కోటగుళ్లున్న ఊరు. అది వేరు, మాది వేరు. రైలాగే ఘన్‌పూర్ కాబట్టి మా ఊరి పేరుకు ముందు 'స్టేషన్' తగిలింది. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు కూడా మా ఊరి మీదుగానే పోతుంది. మా దగ్గర బస్సెక్కి కూర్చుంటే జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాటి ఉప్పల్‌లో దిగొచ్చు. దిగితే క్రికెట్ స్టేడియం అక్కడే. నేను హైదరాబాద్ జట్టుకు అభిమానిని ఎందుకయ్యానంటే ఇంతకు మించి కారణం చెప్పలేను. దారిలో ఉంది గనక అయ్యాను. చాలా పెళ్లి సంబంధాలు కూడా ఇట్లాగే కుదురుతాయి.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు మన జట్టు పేరు డెక్కన్ చార్జర్స్. వేలంలో కొన్న ఆటగాళ్ల పేర్లు పేపర్లో చదువుతుంటేనే ఒళ్లు పొంగిపోయేది. గిల్‌క్రిస్ట్. ముందటేడు ప్రపంచకప్‌లో ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టిన గిబ్స్. ముప్పై ఏడు బంతుల్లో వంద బాదిన అఫ్రిది. సైమండ్స్‌నైతే 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నారు. ఆ వేలంలో ధోనీ తర్వాత ఖరీదు ఆయనదే. కుర్ర రోహిత్ శర్మ ఉండనే ఉన్నాడు. వీళ్లందరినీ కొనడానికి చేతిలో డబ్బు మిగలాలని మన లక్ష్మణ్ ఐకాన్ ఆటగాడి హోదానే వదులుకున్నాడు. ఇంకేం కావాలి? బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చుని, అడిగినవాడికీ అడగనివాడికీ కప్పు మనదేనని చెప్పాను.

మొదటి మ్యాచ్ కోల్‌కతాలో. 110కి ఆలౌట్.

పిచ్ బాగాలేదన్నారు, నిజమే కావచ్చు. రెండో మ్యాచ్ ఉప్పల్‌లో. మనవాళ్లు 142 చేస్తే సెహ్వాగ్ ఒక్కడే 94 కొట్టి పోయాడు. మూడోది కూడా ఉప్పల్‌లోనే, రాజస్థాన్‌తో. ఆ రోజు సైమండ్స్ 53 బంతుల్లో 117. మన స్కోరు 214. హమ్మయ్య అనుకున్నామా, చివరి ఓవర్లో 17 కావాల్సి ఉండగా అదే సైమండ్స్ చేతికి బంతిచ్చారు. షేన్ వార్న్ వరుసగా ఒక ఫోరు, రెండు సిక్సర్లు కొట్టాడు. బ్యాటు పట్టుకోవడం తెలియనట్టుండే వార్న్! ఆ రాత్రి మా వాడలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు.

మధ్యలో ఒకరోజు ముంబైలో గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో వంద చేసి పది వికెట్లతో గెలిపించాడు. అదే మమ్మల్ని ఇంకా పాడుచేసింది. ఎప్పుడూ కొట్టనివాడి మీద ఆశ ఉండదు, బాధా ఉండదు. ఎప్పుడో ఒకసారి కొట్టేవాడితోనే తంటా. సైమండ్స్ నాలుగు మ్యాచ్‌లు ఆడి ఆస్ట్రేలియా జట్టు పని మీద వెళ్లిపోయాడు. లక్ష్మణ్ చేతికి దెబ్బ తగిలింది. అఫ్రిది పది మ్యాచ్‌ల్లో చేసిన పరుగులు మొత్తం కలిపితే 81.

ఇప్పుడు ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తోంది. జట్టులో నలుగురు విదేశీయులకే చోటు. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, అఫ్రిది దిగితే నాలుగు కుర్చీలూ నిండిపోయాయి. చమిందా వాస్ అంతటి బౌలర్ బయట కూర్చోవాలి. ఇంట్లో కంచాలన్నీ కొని బియ్యం కొనడం మరిచిపోయినట్టు. పైగా ఇరవై ఓవర్ల ఆటలో చెయ్యి తిరగనివాడికి తిప్పుకునే టైముండదు. టెస్టులో అయితే గంటసేపు బంతుల్ని వదిలేసి, కాళ్లు కుదుర్చుకుని, మెల్లగా గాడిలో పడొచ్చు. ఇక్కడ వచ్చీరాగానే కొట్టాలి. కొడితే క్యాచ్, కొట్టకపోతే తిట్లు. ఈ జ్ఞానమంతా తర్వాత వచ్చింది. అప్పుడు మాత్రం తిట్లే.

మా దోస్తు ఒకడు చిల్పూరు గుట్టకు మొక్కుకున్నాడు. అక్కడి స్వామి బుగులు వేంకటేశ్వరుడు. కుబేరుడి అప్పు ఎట్లా తీర్చాలా అని బుగులు పట్టుకుని ఆయన ఆ గుట్ట మీదికొచ్చాడని మా దిక్కున చెప్పుకుంటారు. అప్పుల దేవుడికి ఓడేవాళ్ల బాధ తెలుస్తుందని వాడి లెక్క. గెలిస్తే పదకొండు కొబ్బరికాయలు.

మే నెలలో ఒక రాత్రి. నేనూ బాపూ టీవీ ముందు అన్నం తింటున్నాం. అఫ్రిది వచ్చాడు, బంతిని గాల్లోకి లేపాడు, పోయాడు. నాకు కడుపు మండింది.

"ఎన్ని ఛాన్సులిస్తర్రా వీనికి! పైసలు దండుగ. తీసి అవతల కూసోవెట్టుండ్రి" అని అరిచాను.

అన్నం కలుపుతున్న బాపు చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. ఒక్క క్షణం అట్లాగే ఉండి, మళ్లీ కలుపుకుని తిన్నాడు. ఏమీ అనలేదు.

అప్పటికి నేను రెండు డీఎస్సీలు తప్పి ఉన్నాను. మూడోదానికి హన్మకొండలో గది, కోచింగు. పత్తి పైసలు వచ్చినప్పుడు వచ్చినట్టే నా చేతిలోకి వచ్చేవి. నాకు ఇరవై ఏడేళ్లు. ఈడువాళ్లు కొందరు దుబాయి పోయారు, కొందరు ఇల్లు కట్టారు. ఇంటికొచ్చిన చుట్టాలు "పిలగాడు ఏం చేస్తుండు?" అని అడిగితే బాపు "సదువుతుండు" అనేవాడు. ఆ మాట ఆయన ఆరేళ్లుగా అంటూనే ఉన్నాడు. నేను లేచి టీవీ సౌండు తగ్గించాను.

అయినా బుద్ధి రాలేదు. మెటీరియల్ కొనాలని ఐదు వందలు అడిగాను. బాపు బొడ్లో సంచి తీసి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మే 11, ఆదివారం. దోస్తుతో కలిసి ఉప్పల్ బస్సెక్కాను, కోల్‌కతాతో మ్యాచ్ చూడటానికి.

స్టేడియం లోపల అడుగుపెట్టినప్పుడు కనబడే ఆ పచ్చదనం టీవీలో రాదు. దాన్ని చూడగానే ఐదు వందల సంగతి మరిచిపోయాను. తర్వాత గంగూలీ మొదలుపెట్టాడు. 91 కొట్టాడు. కోల్‌కతా రెండొందలు దాటింది. నా పక్కన కూర్చున్నవాళ్లు, మన గడ్డ మీద కూర్చుని, మన టికెట్టు కొని, షారుక్ ఖాన్ జట్టుకు ఈలలు వేస్తున్నారు. వాళ్లతో పోట్లాడదామంటే మనవాళ్లు నాకు ఒక్క సాకైనా ఇవ్వాలి కదా! 23 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఉప్పల్ రింగురోడ్డు మీద వరంగల్ బస్సు కోసం నిలబడితే వచ్చిన ప్రతిదీ నిండుగానే వచ్చింది. ఇంటిదాకా నిలబడే వచ్చాం. దోస్తు దారి పొడుగునా ఒకటే మాట. "వాళ్లకు మనమెవరో గూడ తెల్వదురా."

ఆ ఏడాది పద్నాలుగు మ్యాచ్‌ల్లో రెండు గెలిచాం. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఉప్పల్‌లో ఆడిన ఏడింటికి ఏడూ ఓడాం. గిల్‌క్రిస్ట్ 436, రోహిత్ 404 పరుగులు చేశారు. ఆ ఇద్దరినీ ఏమీ అనడానికి లేదు.

2009 వేసవిలో ఎన్నికలని ఐపీఎల్‌ను దక్షిణాఫ్రికా తీసుకుపోయారు. అక్కడ ఏం తిన్నారో గాని మనవాళ్లు మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు. సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85. మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరుతో ఫైనల్. మొదటి ఓవర్లోనే కుంబ్లే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు పంపాడు. మళ్లీ పాత కథే అనుకున్నాను. కానీ ఏడాది పొడుగునా నేను తిట్టిన గిబ్స్ ఆ రోజు చివరిదాకా నిలబడి 53 చేశాడు. 143. ఆ కొంచెం స్కోరును బౌలర్లు కాపాడారు. ఆరు పరుగులతో గెలిచాం. కొట్టేవాళ్లను చూసి ఆశపడ్డాం గాని, కప్పు ఇంటికి తెచ్చింది ఆపేవాళ్లు. ఆర్పీ సింగ్‌వే ఆ సీజన్లో 23 వికెట్లు.

అర్ధరాత్రి కావొస్తోంది. బాపు వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. పోయి లేపాను.

"బాపూ, మనోళ్లు గెల్చిండ్రు."

"ఏడ?"

"సౌతాఫ్రికాల."

"అయితే నువ్వు పోకుంటెనే గెలుస్తరన్నట్టు."

నాకు అర్థం కాలేదు.

"పోయినేడు నీ అంగి జేబుల టికెట్టు ముక్క దొరికింది మీ అమ్మకు. పండుకో ఇగ" అని అటు తిరిగాడు.

ఏడాది పాటు కడుపులో దాచుకున్నాడు ఆ మాట. ఆ తర్వాత కూడా నా కోచింగుకు పైసలిచ్చాడు.

అదే ఏడాది అక్టోబరులో చాంపియన్స్ లీగ్ ఆడటానికి మనవాళ్లు ఉప్పల్ వచ్చారు. కప్పు గెలిచినవాళ్లు కదా అని ఊరంతా చూసింది. సోమర్‌సెట్ అనే ఇంగ్లండ్ కౌంటీ జట్టు చేతిలో ఒక్క వికెట్ తేడాతో ఓడారు. ట్రినిడాడ్ చేతిలోనూ ఓడి బయటికి పోయారు. 2010లో తెలంగాణ ఉద్యమం నడుస్తోందని హైదరాబాద్ మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలించారు. రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లలో మేమూ ఉన్నాం. అంటే మా జట్టును మేమే మా దారిలోంచి పంపించేశామన్నమాట. రెండిట్లో ఏది కావాలంటే ఇప్పుడైనా తెలంగాణే అంటాను. అయినా మనసులో కొంచెం కలుక్కుమంది. 2011 వేలంలో గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్, సైమండ్స్ ముంబైకి పోయారు. గిల్‌క్రిస్ట్ మన జట్టులో ఉన్న మూడేళ్లలో ఉప్పల్‌లో ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా గెలవలేదు. మా దోస్తు మాత్రం ఆలస్యంగానైనా చిల్పూరు గుట్టకు పోయి పదకొండు కాయలూ కొట్టొచ్చాడు.

మూడో డీఎస్సీ కూడా తప్పింది. రెండు బర్లను అమ్మి బాపు మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు పెట్టించాడు. ఇప్పటికీ అదే నా బతుకుదెరువు. డీఎస్సీ పడినప్పుడల్లా అప్లికేషన్లు, హాల్‌టికెట్లు నా షాపులోనే జిరాక్స్ తీసుకుంటారు పిల్లలు.

చార్జర్స్ 2012తో పోయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. 2016లో కప్పు కూడా గెలిచింది. మావాడు పుట్టుకతోనే సన్‌రైజర్స్. 2024లో వాళ్లు 277, 287 కొడుతుంటే వాడు ఇంట్లో మంచం మీద ఎగిరి పట్టీలు తెంపాడు. ఫైనల్లో 113కే ఆలౌటైతే రెండు రోజులు మాట్లాడలేదు. 2025లో మొదటి మ్యాచ్‌లోనే 286. ఇషాన్ కిషన్ 106 నాటౌట్. వాడి మొహం చూస్తే నాకు 2008 నాటి హోటల్ గుర్తొచ్చి బుగులు మొదలైంది.

అనుకున్నంతా అయింది. వరసగా మూడు ఓడారు. వంద కొట్టిన కిషన్ ఆ మూడింట్లో చేసినవి 0, 2, 2. ఏప్రిల్ 6న వాణ్ని ఉప్పల్ తీసుకుపోయాను, గుజరాత్‌తో మ్యాచ్‌కు. మన హైదరాబాద్ పిల్లగాడు సిరాజే, గుజరాత్ తరఫున బంతి పట్టి, 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. అతనికి చప్పట్లు కొట్టాలో తిట్టాలో మావాడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. నాలుగో ఓటమి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు తీశాడు. "అభిషేక్ శర్మ అయిదు మ్యాచులకు యాభై ఒక్కటి కొట్టిండు డాడీ. వాణ్ని తీసెయ్యాలె. ఎన్ని ఛాన్సులిస్తరు?"

లెక్కల పరీక్షలో వాడికొచ్చిన మార్కులు కూడా ఏమంత గొప్పగా లేవు ఆ ఏడాది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. జనగామ దగ్గర దీపాలు చూస్తూ మింగేశాను.

తర్వాతి మ్యాచ్ ఏప్రిల్ 12న, పంజాబ్‌తో. "నేను చూడ. వాళ్లు ఓడుతరు" అని మావాడు తొందరగా తిని లోపలి అర్రలోకి పోయి దుప్పటి కప్పుకున్నాడు. పంజాబ్ 245 చేసింది. నేను టీవీ కట్టేద్దామని లేచాను. ఎనభై దాటిన బాపు పక్క మంచం మీద ఉన్నాడు. ఆయనకు చెవులు సరిగా వినబడవు, బొమ్మ మాత్రం చూస్తాడు.

"ఉండనియ్. వాడు కొడుతుండు" అన్నాడు.

కొడుతున్నది అభిషేక్ శర్మ. పద్నాలుగు ఫోర్లు, పది సిక్సర్లు. నలభై బంతుల్లో వంద. వంద కాగానే జేబులోంచి చిన్న కాగితం తీసి స్టేడియానికి చూపించాడు. ఇది మన అభిమానుల కోసమని దాని మీద ఇంగ్లీషులో రాసుకొచ్చాడు. అయిదు మ్యాచ్‌లకు యాభై ఒక్క పరుగులు చేసినవాడు వంద కొడతానని జేబులో కాగితం పెట్టుకుని దిగాడంటే ఏమనాలి?

మావాణ్ని లేపుదామని లోపలి అర్రలోకి నడిచాను. అంతలో టీవీలో ఇంకో సిక్సరు పడింది. బాపు "హా!" అన్నాడు. గదంతా చీకటి. గుమ్మం దగ్గరే ఆగాను. నాలుగైదు క్షణాలు గడిచాయో లేదో, దుప్పటి కింద ఒకసారి వెలుగు కదిలింది. మంచం పట్టీలు కిర్రుమన్నాయి.

ఫోన్లో మ్యాచ్ టీవీ కన్నా కొంచెం వెనకొస్తుంది. చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి బాపు పక్కన కూర్చున్నాను.