మార్జాల కిశోరం – నా మాటల చీటీలు

అమరకోశకారుడు పిల్లికి అయిదు పేర్లు చెప్పాడు: ఓతువు, బిడాలం, మార్జారం, వృషదంశకం, ఆఖుభుక్కు. వీటిలో మార్జారం ‘మృజ్’ ధాతువునుండి పుట్టినది. తన్ను తాను శుభ్రం చేసుకొనేది అని భావం. ఆఖుభుక్కు అంటే ఎలుకలను తినేది. విద్యార్థిదశలో వల్లె వేసిన ఈ అయిదింటికీ తోడు, కాగితాలు చింపేది అనే అర్థంలో ఆరవ పేరు కూడా ఒకటి ఉండవలసిందని నాకు 2024వ సంవత్సరం వర్షాకాలంలో గాని తోచలేదు. ‘పత్రభేదిని’ అని నేనే ఒకటి కల్పించుకొన్నాను. వ్యాకరణవేత్తలైన మిత్రులు మన్నింతురు గాక!

పిల్లి పిల్లలను పెట్టి ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ శ్రావణమాసంలో ఒక తల్లిపిల్లికి మా పెరటి కట్టెలకొట్టం ఎన్నో ఇల్లో తెలియదు. మూడు పిల్లలను తెచ్చి, రెండింటిని తీసికొనిపోయి, మూడవదానికోసం మరి రాలేదు. వైష్ణవ వేదాంతులు శరణాగతికి మార్జాలకిశోర న్యాయాన్ని ఉదాహరిస్తారు కదా. తల్లి నోట కరచుకొని పోతుంటే పిల్ల ఏ ప్రయత్నమూ చేయక వ్రేలాడుతుంది, భారమంతా తల్లిదే. ఆ తల్లి రాకపోతే భారం ఎవరిదన్న ప్రశ్నకు మా ఇంటి గృహిణి ఏ వేదాంతమూ చదవకుండానే సమాధానం చెప్పింది. “ఏవండీ, ఆ చిన్న గిన్నె ఇలా అందుకోండి” అన్నది. అంతే. ‘ఓతువు’ అని పిలుద్దామన్న నా ప్రతిపాదన వీగిపోయింది. ‘బుజ్జి’ స్థిరపడింది.

మొదట వార్తాపత్రిక. తెల్లవారుజామున కుర్రవాడు గేటు మీదినుండి విసరిన పత్రిక నేలను తాకేలోపలే బుజ్జి దానిపై ఉరికేది. నేను కళ్ళజోడు వెదకుకొని వెళ్ళేసరికి సంపాదకీయం పేలికలై ఉండేది. (సంపాదకీయానికి అది పెద్ద నష్టమని అనను.) తరువాత గోడమీది క్యాలెండరు, పంఖా గాలికి రెపరెపలాడే అడుగు అంచు దానికి ఆహ్వానపత్రిక. తరువాత పంచాంగం, కరెంటు బిల్లు, మనుమరాలి లెక్కల పుస్తకం. “తాతయ్యా, పిల్లి తినేసిందంటే మా టీచరు నమ్మడం లేదు” అని ఆ పిల్ల గోల. ముప్ఫయి అయిదేళ్ళ ఉపాధ్యాయవృత్తిలో నేను మాత్రం నమ్మి ఉండేవాడినా?

ఇంతవరకు వినోదమే. ఇక చీటీల సంగతి చెప్పాలి.

1986లో ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు కోనసీమ పల్లెల్లో వృత్తులవారి మాటలు పోగుచేయడం ప్రారంభించాను. దిద్దడం అయిపోయిన పరీక్షపత్రాల వెనుకవైపు ఖాళీగా ఉన్న కాగితాలను నాలుగేసి ముక్కలుగా కోసి, ఒక్కొక్క దానిపై ఒక మాట, దాని అర్థం, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసుకొనేవాడిని. తాళ్ళ పేర్లే ఎన్ని! పశువు మెడకు కట్టేది పలుపు. లేగదూడకు తలుగు. అరకకు పగ్గం. నూతికి చేంతాడు. బరువైన పనికి మోకు. అన్నింటినీ ‘తాడు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకొంటున్న మనకు ఇన్ని మాటలు దండగనిపించవచ్చు గాని, దూడను కట్టడానికి చేంతాడు పట్టుకొని వెళ్ళినవాణ్ణి చూసి ఆ రైతులు నవ్వేవారు. అలా రెండువేల పైచిలుకు చీటీలు పోగయ్యాయి. పదవీ విరమణ తరువాత వాటిని రోజుకు పదీ పదిహేను చొప్పున కంప్యూటరులో ఎక్కిస్తున్నాను. సగం కూడా కాలేదు.

ఆశ్వయుజంలో నాలుగు రోజులు ముసురు పట్టి విడిచిన తరువాత, చెమ్మ తగిలిన చీటీల కట్టలను వరండాలో చాపమీద ఎండకు పరచాను. ప్రతిదానిమీదా ఒక చింతగింజ బరువు. నేను భోజనం చేసి వచ్చేలోపల చింతగింజలు వరండా అంతటా దొర్లుతున్నాయి. మధ్యలో బుజ్జి, నోట ఒక చీటీ, కాళ్ళకింద మరికొన్ని.

పదకొండు చీటీలు పోయాయి. తొమ్మిదింటిని జ్ఞాపకంవల్లా, ముక్కలను అతికించడంవల్లా కూడదీసుకొన్నాను.

ఆ రాత్రి మా అబ్బాయి ఫోనులో “నాన్నగారూ, దాన్ని చేపల మార్కెట్టు దగ్గర వదిలి రండి, హాయిగా బతుకుతుంది” అన్నాడు. నేను కాదనలేదు, ఔననలేదు. పక్కింటాయన పుస్తకాలమధ్య నాఫ్తలీన్ ఉండలు పెట్టమన్నాడు; మరొకరు యూకలిప్టస్ తైలం చల్లమన్నారు. మరునాడు పశువైద్యులవద్దకు వెళితే ఆ రెండూ పిల్లులకు విషప్రాయమని హెచ్చరించారు. మన కాలేయం విరిచివేయగల పదార్థాలు కొన్నింటిని పిల్లి కాలేయం విరవలేదట. ఈ సంగతి పిల్లులున్న మిత్రులు తప్పక గుర్తుంచుకోవాలి. కాగితంకంటె దానికి గుచ్చిన పిన్నులు, చుట్టిన రబ్బరుబ్యాండ్లు, దారపుపోగులు ప్రమాదకరమనీ ఆయనే చెప్పారు. మింగిన దారం పేగులను కుచ్చెళ్ళలా ముడిచివేస్తుందట. నేను చీటీలకోసం ఏడుస్తుండగా ఆయన పిల్ల నోరు తెరచి దారాలేమైనా ఉన్నాయేమోనని నాలుక కింద వెదకుతున్నారు. చూడగా చూడగా నాకూ భయం వేసింది.

నోరు తెరచినప్పుడే మరో సంగతి బయటపడింది. పిల్లిపిల్లకు పాలపళ్ళు ఇరవైయారు. నాలుగవ నెల సుమారున అవి ఊడి, ఆరవ నెలకు ముప్ఫయి పళ్ళు వస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్ళ సలపరానికి ఏది దొరికితే అది కొరుకుతుంది. దీనికి తోడు చెవి. మనకు ఇరవై కిలోహెర్ట్జుల పైన ధ్వని వినపడదు. పిల్లికి అరవై దాటినా వినపడుతుంది. కాగితం గలగల మనకు కాగితమే. దానికి గడ్డిలో కదిలే ఎలుక. ఉషస్సంధ్యలోనూ సాయంసంధ్యలోనూ వేటాడటం దాని జాతిధర్మం కనుక, తెల్లవారి పత్రిక సరిగ్గా వేటవేళకు వచ్చి పడుతున్నదన్నమాట. తిట్టినా కొట్టినా ప్రయోజనం లేదు. కాగితానికీ దెబ్బకూ ముడిపెట్టుకోదు, మనిషిని చూసి జడవడం మాత్రం నేర్చుకొంటుంది. వెంటబడితే అదీ ఆటే అనుకొంటుంది.

కనుక మేము చేసినవి ఇవి. చీటీలన్నీ ఇనుప ట్రంకుపెట్టెలోకి వెళ్ళాయి, క్యాలెండరు అడుగు అంచుకు బట్టల క్లిప్పులు పడ్డాయి, గేటుకు ఒక చెక్కపెట్టె బిగించి పత్రిక అందులో వేయమని కుర్రవాడికి చెప్పాము. తెల్లవారుజామున పత్రిక రాకముందే మా ఆవిడ పుల్లకు కోడి ఈక కట్టి పది నిమిషాలు దాన్ని ఉరికిస్తుంది, వెంటనే మేత పెడుతుంది. వేట, భోజనం, మార్జనం, నిద్ర – ఇదీ దాని నిత్యకర్మానుష్ఠానం. ఆ వరుస తప్పకుండా జరిగితే అది కాగితం జోలికి రాదు. మేతంటే చెప్పాలి: మా ఇంట నీచు వండరు. పెరుగన్నంతో పిల్లి బతకదని, మాంసంలోని కొన్ని పోషకాలు లేకపోతే కళ్ళూ గుండె చెడతాయని వైద్యులు నొక్కి చెప్పారు. అందుకని పొట్లాలలో దొరికే పిల్లిమేత వెనుక వసారాలో, వేరే గిన్నెలో పెడుతున్నాము. మడీ దడీ అని పెద్దగా పట్టింపున్న మా ఆవిడే ఈ ఏర్పాటు చేసింది. నేను మాట్లాడలేదు.

నోట కాగితం ఉంటే లాక్కోకుండా ఆ మేతలో నాలుగు పలుకులు చూపితే, అదే వదలివేస్తుంది.

అన్నింటికంటె పనికివచ్చింది కొబ్బరితాడు. సరుగుడు బొంగు ఒకటి మూడడుగులు కోయించి, బరువైన పీటకు ఊడకుండా దిగగొట్టించి, కింది నుండి పైదాకా పీచుతాడు బిగువుగా చుట్టాను. పిల్లి పూర్తిగా ఒళ్ళు విరుచుకొని గీరగలిగినంత ఎత్తు ఉండాలి, కదలకూడదు. కదిలితే మరి ముట్టదు. గీరడం దానికి కొంటెతనం కాదు, గోళ్ళ పైపొర ఊడదీసుకొనే అవసరం. తొలిరోజున బుజ్జి దానివైపు కన్నెత్తి చూడలేదు. అప్పుడు పెరటిలోని కుప్పింటాకు మొక్కను వేరుతో పెకలించి, ఆ వేరు తాటికి రుద్దాను. కుప్పింటాకు వేరంటే పిల్లులకు మత్తెక్కినంత ఇష్టం. పావుగంటలో బుజ్జి ఆ బొంగును కౌగిలించుకొని దొర్లింది. మిత్రులు ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చు. ఏ దిబ్బమీదనైనా దొరికే మొక్కే.

ఇప్పుడు బుజ్జికి ఏడాది దాటింది. మా అటకమీది పుస్తకాల అంచులు కొరికే ఎలుకలు కనిపించడం మానివేశాయి. అమరకోశం మాట నిలిచింది.

అయితే ఆ రెండు చీటీలు రాలేదు. ఒకదానిలో ఏముండేదో పూర్తిగా పోయింది. రెండవదానిలో అర్థం మిగిలి, మాట పోయింది. ధవళేశ్వరం ఆనకట్ట తరువాత డెల్టా కాలువలలో పడవలు నడిచేవి కదా. గాలి లేనప్పుడు మనుషులు గట్టుమీద నడుస్తూ పొడవాటి తాటితో పడవను లాగేవారు. ఆ తాటికి వారి వాడుకలో ఒక ప్రత్యేకమైన పేరుండేది. 1991లో, అప్పటికే ఎనభై దాటిన ఒక సరంగు నాకు చెప్పాడు. ఆయన పోయి చాలాకాలమయింది, కుమారులు పడవ ఎక్కినవారు కారు. చీటీలో ‘గట్టు మీదినుండి పడవను లాగు’ అన్నంతవరకు నా దస్తూరీ ఉంది. పైన మాట ఉన్నచోట పంటిగాట్లు, చివర ‘తాడు’ అనే రెండక్షరాలు. నిరుడు మూడు ఊళ్ళు తిరిగాను, దొరకలేదు.

కాలువగట్టు ఊళ్ళలో పుట్టిన మిత్రులెవరైనా తమ ఇళ్ళలోని పెద్దలను ఈ మాట అడిగి తెలియజేయగలరా? చెప్పినవారి పేరు, ఊరు కూడా వ్రాయవలసిందిగా ప్రార్థన. కొత్త చీటీ కోసి ఉంచాను. ట్రంకుపెట్టెలోనే ఉంది.