జోళ్ల వర్తకుడు

మిరపతోటకు పెట్టుబడి దొరకనినాడు రైతు పడు వేదన పల్నాటి బాలబాలికలు ఎరుగనిది కాదు. అట్టి వేదననే అమెరికా వర్తకుడు ఫిల్ నైట్ 2016లో ప్రకటించిన స్వీయచరిత్రలో దాచక చెప్పెను. ధనికులైన పిదప వ్రాయు చరిత్రలలో అప్పుల కథ అంతగా కానరాదు.

ఆయన ఆరిగన్ విశ్వవిద్యాలయమున పరుగుపందెగాడు. 1962లో జపానుకు పోయి, ఒనిట్సుకా కంపెనీవారి పరుగుజోళ్లను తన దేశమున అమ్మెదనని కోరెను. మీ సంస్థ పేరేమని వారడిగిరి. అప్పటికి సంస్థయే లేదు! తోచిన పేరొకటి, బ్లూ రిబ్బన్ అని చెప్పెను. 1964లో తన శిక్షకుడు బిల్ బోవర్‌మన్‌తో కలిసి, చెరి 500 డాలర్లు వేసి, వ్యాపారమును నిజముగా ఆరంభించెను. మొదట దుకాణము లేదు. జోళ్లను కారులో నింపుకొని పందెములు జరుగు మైదానములకు పోయి అమ్మెడివాడు. జీవనమునకై లెక్కల పరిశీలకుడుగా కొలువు చేసెను.

చిత్రమేమనగా, అమ్మకములు పెరిగినకొలది అప్పు కూడ పెరిగెను. చేతికి వచ్చిన పైకమంతయు తరువాతి సరుకునకే పోయెడిది. ఒనిట్సుకాతో పొత్తు చెడుచుండగా, 1971లో సొంత జోళ్లకు గ్రీకుల విజయదేవత పేర ‘నైకీ’ అని పేరిడిరి. వాని చిహ్నమును గీసిన విద్యార్థినికి 35 డాలర్లిచ్చిరి. పేరు విజయము, పెట్టెలో మాత్రము పైకము లేదు! 1975లో ఒక బ్యాంకు ఇక ఋణమీయనని తలుపు మూసెను. జపానుకు చెందిన నిషో వర్తకసంస్థ ఆ బాకీ తీర్చి వారిని నిలబెట్టెను. 1980లో వాటాలను ప్రజలకు అమ్మినపిదపగాని ఆ అప్పుల దిగులు తీరలేదు.