పాత బండి, అమానతు

1972లో బజాజ్ వారు తెచ్చిన చేతక్ స్కూటరు ముషీరాబాద్‌లోని మా ఇంటి ముంగిట చాలా ఏళ్లు నిలిచింది. దాన్ని బాగుచేసుకొనే విద్యను అబ్బాజాన్ వద్దే నేర్చుకున్నాము.

ఇంజను మొరాయిస్తే ప్లగ్గు విప్పి, మసిని గరుకు కాగితంతో రుద్ది బిగించేవారము. అప్పటికీ అందుకోకపోతే బండిని పక్కకు వంచి, నిలిపి, కిక్కు కొట్టేవారము. పెట్రోలు కార్బొరేటరులోకి దిగేది. పెట్రోలులో కలిపే ఆయిలు తగ్గితే పిస్టను పట్టేస్తుంది, పెరిగితే ప్లగ్గు మసిబారుతుంది. మితం యంత్రానికీ అవసరమే.

అమ్మదలచినప్పుడు మరో చిట్కా మా చెవిన పడింది. గేరు పెట్టెలో చిక్కటి నూనె పోస్తే అరిగిన పళ్ల చప్పుడు అణగిపోతుందట! అవసరంలో ఉన్నాము, మనసు ఊగింది. దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని గుర్తించి, దానిని జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని వర్తకుణ్ణి మందలించిన సంఘటనను మదరసాలో ఎన్నిసార్లు బోధించామో!

కొనవచ్చిన యువకునికి ఆ చప్పుడు మేమే వినిపించాము. అతడు వెయ్యి రూపాయలు తగ్గించాడు. ఆ నెల ఇల్లు గడవడం కష్టమైంది. అయినా పాఠం చెప్పేటప్పుడు పిల్లల కళ్లలోకి చూడగలిగాము, అల్హమ్దులిల్లాహ్.

బండిని నడిపించే చిట్కా విద్య. లోపాన్ని దాచే చిట్కా ద్రోహం. ఈ తేడాను బిడ్డలకు పానాతోపాటే అందించుదాం.