ఆ ప్యాడ్ షార్ట్స్ సంగతి

నలభై రెండేళ్ల వయసులో సైకిల్ మొదలుపెట్టాను. నార్సింగి దగ్గర సోలార్ కప్పున్న ట్రాక్ మీద 10 కిలోమీటర్లు తొక్కొచ్చాక రెండు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. ఎక్కడ నొప్పో ఎవరితో చెప్పుకుంటాం చెప్పండి! ఇక మానేద్దామనుకున్నాను. మా ఆడపడుచే అడిగి తెలుసుకుని, ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనిచ్చింది. "లోపల ఇంకేం వేసుకోవద్దు వదినా, ఆ కుట్లు ఒరుసుకునే మంట పుడుతుంది" అంది. సిగ్గేసింది కానీ, నిజమే. పైన పొడవాటి కుర్తా వేసుకుంటే ఎవరికీ తెలీదు. సీటు ఎత్తు కూడా సరిచేయించాను, కొంత నొప్పి దాంతోనే తగ్గింది. కూరగాయల కొట్టుదాకా వెళ్లడానికి ఇవి అక్కర్లేదు. అరగంట దాటితే మాత్రం నేను వదలను. రాగానే ఉతికేయాలి, అదొక్కటే పని. మొన్న మా ఆయన కూడా తనకోటి కావాలన్నారు.